గడప ఆవలి చెక్కపెట్టె

మన సంఘపు సంచికలలో పెద్దలు త్యాగరాజస్వామి కృతులను గూర్చియు, శతక వాఙ్మయమును గూర్చియు, మన పండుగల విశిష్టతను గూర్చియు వ్రాయుచుందురు. నేను అంత చదివినవాడను కాను. మెట్రిక్యులేషను వరకు చదివి, ముప్పదితొమ్మిది సంవత్సరములు ప్రభుత్వ కార్యాలయములలో గుమాస్తాగా పనిచేసి, 2019లో విశ్రాంతి పొందితిని. ఈ సంవత్సరము నేను వ్రాయదలచినది బూట్లను గూర్చి. వానికి మెరుగుపెట్టి కాపాడుకొను విధమును గూర్చి. సంస్కృతికి సంబంధించిన సంచికలో బూట్లకేమి పనియని చదువరులు అడుగవచ్చును. ఆ పని యేమో కడపట తెలియును. అందాక నన్ను ఓర్చుకొనవలెనని ప్రార్థన.

మాది బిస్సమ్ కటక్. నియమగిరి కొండల చెంతనున్న చిన్న ఊరు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువరకు ఈ ప్రాంతము చెన్నపురి రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో ఉండెను. పిదప కోరాపుట్ జిల్లాలో చేరెను. 1992 అక్టోబరు 2వ తేదీనుండి రాయగడ జిల్లాలోనిది. జిల్లాల పేర్లు మారినవిగాని మేము కదలలేదు. విజయనగరమునుండి రాయపూరు పోవు రైలుమార్గము 1931లో పూర్తియైన తరువాత, ఆ పట్టాల వెంబడి వచ్చి ఇచ్చట నిలిచిపోయిన తెలుగు కుటుంబములలో మాదియు ఒకటి. మా తాతగారు బొబ్బిలి దగ్గరి పల్లెనుండి వచ్చిరి. ఇంటిలో తెలుగు, బజారులో ఒడియా, చాటికోన బుధవారపు సంతలో నాలుగు కువి మాటలు: ఈ మూటితోనే మా బ్రతుకు గడచినది.

మా ఇంటి వీధిగడపకు ఆవల, అరుగుమీద, ఒక చెక్కపెట్టె ఉండెడిది. మూరెడు పొడవు, జానెడు ఎత్తు. దాని మూతపై పాదము మోపుటకు అనువుగా ఒక ఎత్తుచెక్క బిగింపబడి యుండెను. లోపల గుఱ్ఱపువెండ్రుకల బ్రష్షులు రెండు, ఒకటి నలుపునకు, ఒకటి గోధుమరంగునకు. చెర్రీ బ్లాసమ్ డబ్బాలు రెండు. పాతపంచె చింపిన పీలికలు. ఒక మైనపు ముద్ద. వీనితోపాటు అరచేతిలో ఇముడు నల్లని కొమ్ముముక్క ఒకటి. పర్లాకిమిడి కొమ్ముపనికి ప్రసిద్ధియని మనవారందరును ఎరుగుదురు. అచ్చట దువ్వెనలు చేయగా మిగిలిన దున్నపోతు కొమ్ముముక్క అది. ఏండ్ల తరబడి చేతిలో అరిగి అద్దమువలె నునుపు తేలియుండెను.

ఆ పెట్టె మా నాన్నగారిది. నాన్నగారు ఒక కార్యాలయములో బంట్రోతు. దస్త్రములు మోయుట, గంట వినబడగనే పరుగెత్తుట, కూజాలో నీరు నింపుట ఆయన పనులు. అధికారిగారి బూట్లు తుడుచుట కాగితముపై వ్రాసిన పని కాదు. కాని ఆ కాలమున కాగితముపై లేని పనులే ఎక్కువ. వచ్చిన ప్రతి అధికారియు ఆయనచేతనే ఆ పని చేయించుకొనెను, పోవునపుడు ప్రతి అధికారియు "నీలాగా మెరుగు పెట్టేవాడిని చూడలేదు" అని మెచ్చుకొనెను. నాన్నగారికి ఆ మెప్పు గర్వము. నాకు అది సిగ్గు. బడిలో పిల్లలు నన్ను "బూటుపాలిష్" అని పిలిచెడివారు.

ఈ విద్య ఆయనకు బజారులో చెప్పులు కుట్టు వృద్ధుడొకడు నేర్పెనట. ఆ వృద్ధుని ప్రక్కన గోనెపట్టమీద కూర్చుండి, అతడు త్రాగిన గ్లాసుతోనే టీ త్రాగి నేర్చుకొంటినని నాన్నగారు చెప్పెడివారు. ఆ సంగతి తెలిసి అమ్మ చాలకాలము గొణిగెను. ఆ పెట్టె గడప దాటి లోనికి రాకూడదని ఆమె పెట్టిన కట్టడి. బూట్లు ముట్టిన చేయి మోచేతివరకు కడిగిన పిమ్మటనే అన్నము. నాన్నగారు ఎదురుచెప్పలేదు. ఒకనాడు మాత్రము చేతులు కడుగుకొనుచు, "కడుగుతానులేవే. ఒకటో తారీకున జీతం రూపాయలు తెచ్చేదీ ఈ చేత్తోనే. వాటినీ కడుగుతావేటి?" అనిరి. అమ్మ నవ్వెను. పెట్టె మాత్రము బయటనే ఉండెను.

ఆదివారము ఉదయము అరుగుపై కూర్చుండి ఆయన చేయు పని నాకిప్పటికిని కన్నులకు కట్టినట్లుండును. ముందు లేసులు ఊడదీయవలెను. పొడి బ్రష్షుతో దుమ్ము దులుపవలెను. ముఖ్యముగా అడుగుతోలునకును పైతోలునకును నడుమ కుట్టు వెంబడి. దుమ్ము పోకుండ పాలిష్ పూసినచో అది ఇసుక కాగితమువలె తోలును గీయును. పిదప నీటిలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఒక్కమారు తుడిచి ఆరనీయవలెను. అటుపిమ్మట పాలిష్. రెండు వ్రేళ్లకు గుడ్డ చుట్టి, డబ్బాను తాకియు తాకనట్లు అద్ది, చిన్న చిన్న సున్నాలుగా రుద్దవలెను. పది నిమిషములు ఊరుకొని, పెద్ద బ్రష్షుతో, చేయి బిగింపక, మణికట్టుతో ఆడింపవలెను. "మెరుగు డబ్బాలో లేదురా, బ్రష్షులో ఉంది" అనెడివారు. నేనొకమారు దొంగతనముగా చేయబోయి డబ్బాలో సగము పూసివేసితిని. ఆయన కోపపడలేదు. "తోలుకీ ఆకలేస్తాదిరా. కానీ దానిది చిన్న కడుపు. ఎక్కువ పెడితే కక్కేస్తాది" అనిరి.

నేను 1976లో మెట్రిక్యులేషను ప్యాసయితిని. 1980 జూలైలో నాకు గుమాస్తాగా ఉద్యోగమయ్యెను. బదిలీపై వెళ్లిపోయిన ఒక అధికారి వదలిన నల్లబూట్ల జతను నాన్నగారు చాలకాలము దాచియుంచిరి. దానికి క్రొత్త అడుగుతోలు వేయించి, మూడు రాత్రులు కూర్చుండి మెరుగుపెట్టి నాకు తొడిగిరి. ఉద్యోగములో చేరునాడు రేకుపెట్టె నెత్తిన పెట్టుకొని తానే నావెంట వచ్చిరి. రైలు దిగినప్పటినుండి వాన. కార్యాలయపు మెట్ల దగ్గరకు చేరుసరికి బూట్లనిండ బురద. నాన్నగారు పెట్టె దించి, భుజముమీది తువ్వాలు తీసి వంగిరి. మెట్లపైన నలుగురు నిలిచి చూచుచుండిరి. నేను కాలు వెనుకకు తీసికొని, "ఊరుకో, అందరూ చూస్తున్నారు" అంటిని. అంతలో పెద్దగుమాస్తా వచ్చి, "ఎవరయ్యా ఆ ముసలాయన?" అని అడిగెను. "మా ఊరి మనిషండీ. సామాను తెచ్చాడు" అని నేను చెప్పితిని.

నాన్నగారు విన్నారు. తువ్వాలు దులిపి భుజముపై వేసికొనిరి. రేకుపెట్టెను వరండాలో వాన తగులనిచోట పెట్టి, "రైలుకి వేళయింది, వస్తాను బాబూ" అనిరి. ఆయన నన్ను పుట్టినప్పటినుండి "ఒరే" అని పిలిచెడివారు. బాబూ యని పిలుచుట అధికారుల పిల్లలను మాత్రమే.

ఆ మాట మామధ్య మరెన్నడును రాలేదు. ఆయన 1986లో విశ్రాంతి పొందిరి, 1996లో కాలము చేసిరి. ఈ మధ్య పదునారు సంవత్సరములలో ఎన్నో సాయంకాలములు ఒకే అరుగుపై కూర్చుంటిమి. చెప్పుటకు వేళ చాలనంత ఉండెను, నోరు మాత్రము రాలేదు. నా పిల్లలు తాతగారేమి చేసెడివారని అడిగినప్పుడు, "గవర్నమెంటు ఉద్యోగం" అని చెప్పితిని. అబద్ధము కాదు. నిజమును కాదు.

ఇక రెండవ కథ.

మా అబ్బాయి అమెరికాలో చికాగో నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. 2022 ఆగస్టులో, శ్రావణమాసమున, వాని చెల్లెలి పెండ్లి రాయగడలో చేసితిమి. పెండ్లికి వాడు తొడిగివచ్చిన బూట్లు చూచి నాకు చేయి దురదపెట్టెను. నేరేడుపండునకును రక్తమునకును నడిమి రంగు. మెరుగు పైన పూసినట్లు లేదు, లోపలినుండి వచ్చుచున్నట్లుండెను. వ్రేళ్లు వంగుచోట మామూలు తోలువలె సన్నని ముడుతలు పడక, నీటి అలలవలె గుండ్రని మడతలు పడియుండెను. ఇదేమి తోలురా యని అడిగితిని. "కార్డోవన్ నాన్నా, గుఱ్ఱం తోలు. మా ఊళ్లోనే పదును చేస్తారు. వెల ఎనిమిది వందల డాలర్ల పైమాటే" అని వాడు మెల్లగా చెప్పెను, వాళ్ల అమ్మకు వినబడకుండ.

వాడు చెప్పినదియు, పిదప నేను తెలిసికొన్నదియు ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాను. ఈ పేరు స్పెయిన్ దేశములోని కార్డోబా పట్టణమునుండి వచ్చినది. ఆ పట్టణము వెనుకటి శతాబ్దములలో తోలుపనికి పెట్టినది పేరు. ఇంగ్లీషులో బూట్లు కుట్టువానికి ఉన్న పాతపేరుకూడ ఆ ఊరిపేరునుండి పుట్టినదే. అయితే ఆ కాలపు కార్డోబా తోలు ముఖ్యముగా మేకతోలు. నేడు షెల్ కార్డోవన్ అనబడునది గుఱ్ఱపు పిరుదులభాగమునుండి వచ్చును. అది పైచర్మముకూడ కాదు. చర్మపు పొరల నడుమ, నారలు దట్టముగా అల్లుకొనిన బల్లపరుపు పొర. ఒక గుఱ్ఱమునుండి గ్రుడ్డు ఆకారపు ముక్కలు రెండే లభించును. చికాగోలో హార్వీన్ వారు 1905లో తోళ్ల కర్మాగారము స్థాపించి నేటికిని దీనిని చేయుచున్నారు. తోలును చెట్టుచెక్కల కషాయములో గుంటలలో నానబెట్టి, నూనెలు, కొవ్వులు పట్టించి, పైపొరలు చెక్కి, చేతితో రంగు పూసి, గాజుతో ఒత్తి నునుపు చేయుటకు ఆరునెలలు పట్టునట. మా అబ్బాయి బూట్ల రంగును వారు ఎనిమిదవ నంబరని పిలుతురు.

నాకు ఆశ్చర్యము కలిగించిన సంగతి మరొకటి. హార్వీన్ వారు మొదట ఈ తోలును చేసినది బూట్లకు కాదు, మంగలికత్తి పదునుపెట్టు తోలుపట్టీలకు. మా చిన్నతనమున బిస్సమ్ కటక్ బజారులో క్షురకుడు గోడమేకునకు తగిలించిన తోలుపట్టీపై కత్తిని అటునిటు త్రిప్పుచుండగా వచ్చు టపటప శబ్దము నాకు జ్ఞప్తికి వచ్చెను. అతనిది ఏ తోలో నేనెరుగను. కాని పని ఒక్కటే. రక్షణగల చిన్నకత్తులు వచ్చి పట్టీల గిరాకీ తగ్గిన పిదప ఆ తోలు బూట్లకెక్కెను.

ఈ కషాయపు పదును మనకు క్రొత్త విద్య కాదు. మన పల్లెలలో తోళ్లను తంగేడుచెక్కతోను కరక్కాయతోను గుంటలలో నానబెట్టి పదునుచేయుట తరతరాల పని. కరక్కాయలోని వగరు తోలును కుళ్లనీయదు. ఆ కరక్కాయ మన కొండలదే. ఒడియావారు దానిని హరిడా అందురు. గిరిజనులు అడవిలో ఏరి ఎండబెట్టి సంతకు తెత్తురు. భీమునిపట్నము రేవునుండి ఓడలెక్కి విదేశపు తోళ్ల కర్మాగారములకు పోయిన కరక్కాయకు వర్తకములో "భీమ్లీ" అని పేరే నిలిచిపోయెను. దగ్గునకు కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకొను మనము, ఎక్కడనో దొరలు తొడిగిన బూట్లకును అదే ఆధారమని ఎన్నడైన తలచితిమా?

తోలుపని నీచమని తలచు దేశములో ఆ పనిని శాస్త్రముగా నిలబెట్టినవాడు మన తెలుగువాడే. గుంటూరు మండలమున యలవర్రులో 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు. 1948లో చెన్నపట్టణమున స్థాపింపబడిన కేంద్రీయ తోళ్ల పరిశోధనాలయమునకు సంచాలకులై, దానికి లోకమంతటను పేరు తెచ్చిరి. 1971లో పద్మశ్రీ అందుకొనిరి. 1985 జూన్ 23వ తేదీన అట్లాంటిక్ సముద్రముపై కూల్చివేయబడిన కనిష్క విమానములో అస్తమించిరి. రైతుబిడ్డ తోళ్లను చేతబట్టి పరిశోధించి దేశమునకు గౌరవము తెచ్చినాడు. తండ్రి తోలును తుడిచినాడని నేను ముప్పదియేండ్లకు పైగా దాచితిని.

ఇక పెండ్లినాటి సంగతి. మండపములోనికి చెప్పులతో పోరాదు గదా. మా అబ్బాయి ఆ బూట్లను వరండాలో విడిచి లోనికి వచ్చెను. ముహూర్తవేళకు పెద్దవాన. చూరునుండి జారిన నీరు గంటసేపు ఆ బూట్లపై చినుకు చినుకుగా పడెను. భోజనముల పిదప వాడు బయటకు వచ్చి చూచి అట్లే నిలిచిపోయెను. తోలు నిండ అమ్మవారు పోసినట్లు పొక్కులు. మెరుగు పోయి బూడిదరంగు. "అయిపోయింది నాన్నా. దీన్ని మళ్లీ అమెరికా పంపాల్సిందే" అని తలపట్టుకొనెను. బంధువు ఒకరు వంటపొయ్యి దగ్గర పెట్టినచో క్షణములో ఆరునని బూట్లు పట్టుకొని బయలుదేరిరి. నేను పరుగెత్తి లాగుకొంటిని. అగ్గి చూపిన తోలు అప్పడమగును. ఇది నాన్నగారి మాట.

మరునాడు బిస్సమ్ కటక్‌లో, అల్లుడును అమ్మాయియు బయలుదేరి ఇల్లు నిశ్శబ్దమైన పిదప, నేను అరుగుపై ఆ పెట్టె తెరచితిని. ఇరువదియారు ఏండ్లలో ఎన్నడును అక్కరపడలేదు. డబ్బాలలోని పాలిష్ ఎండి బీటలు వారియుండెను. బ్రష్షులు మాత్రము చెక్కుచెదరలేదు. కొమ్ముముక్క పీలికల క్రింద ఉండెను.

ముందు బూట్లలో పాత కాగితములు కూరి, నీడన, గాలి తగులుచోట రెండుదినములు ఉంచితిని. కాగితము తడిసినపుడెల్ల మార్చితిని. పూర్తిగా ఆరిన పిమ్మట, తడిపి పిండిన గుడ్డతో బూటు నంతటిని సమముగా తుడిచితిని. ఒక్క పొక్కుమీదనే తడిచేసినచో దాని చుట్టు మరియొక మరక నిలుచును. తోలు కొంచెము మెత్తబడినపుడు కొమ్ముముక్కను ఏటవాలుగా పట్టి, పొక్కు అంచునుండి నడిమికి, ఒకే బరువుతో, ఒత్తుచు పోతిని. నాన్నగారు పాతబూట్లపై గీతలు అణచుటకు అట్లు చేసెడివారు. మొదట ఏమియు కాలేదు. పదిమార్లు, ఇరువదిమార్లు రుద్దగా ఒక పొక్కు అణగెను. అణగినచోట రంగు తేలెను. రెండు బూట్లును ముగియుటకు ఒక మధ్యాహ్నము పట్టెను. పిదప రంగులేని మైనపు పాలిష్ పెసరగింజంత, అంతే. తరువాత బ్రష్షు. నూరుమార్లు ఒక ప్రక్క, నూరుమార్లు మరియొక ప్రక్క. మెరుగు తిరిగివచ్చెను.

ఆ మరునాటి ఉదయము మడతల దగ్గర తెల్లని పొడివంటిది తేలియుండెను. బూజుపట్టెనని మా అబ్బాయి కంగారుపడెను. బూజు కాదు. ఈ తోలులో ముందే దట్టముగా పట్టించిన కొవ్వు, మైనము మెల్లగా పైకి వచ్చును. బ్రష్షు తగిలిన మరల తోలులో కలిసిపోవును. ఎక్కువ పెడితే కక్కేస్తాది. గుఱ్ఱపుతోలును ఎన్నడును చూడని మనిషి చెప్పినమాట గుఱ్ఱపుతోలునకే చక్కగా సరిపోయెను.

చదువరులకు ఉపయోగపడునని నాలుగు మాటలు. మంచిబూట్లు ఏ తోలువైనను ఒకదినము తొడిగిన మరునాడు విశ్రాంతినీయవలెను. పాదపు చెమ్మ ఆరుటకు అంతమాత్రము కావలెను. లోపల చెక్క అచ్చుగాని, లేనిచో కాగితపు ఉండలుగాని ఉంచవలెను. షెల్ కార్డోవన్‌కు పాలిష్ నెలల తరబడి అక్కరలేదు. బ్రష్షు మాత్రము తొడిగినప్పుడెల్ల కావలెను. మన కొండప్రాంతపు వర్షకాలమున పెట్టెలో మూసియుంచినచో ఏ తోలుకైనను నిజమైన బూజు పట్టును. అప్పుడు ఆరుబయట పొడిగుడ్డతో తుడిచి, నీటిలో కలిపిన వెనిగారు కొంచెము అద్దిన గుడ్డతో మరల తుడిచి, నీడన ఆరనీయవలెను. ఎండకు, పొయ్యికి దూరము. కొబ్బరినూనె పూయరాదు, తోలు జీబురుబారి దుమ్మును పట్టును.

నేను బ్రష్షు ఆడించుచుండగా మా అబ్బాయి ఎదుట మెట్టుమీద కూర్చుండి చాలసేపు చూచెను. పిమ్మట నవ్వుచు, "ఎక్కడ నేర్చుకున్నావు నాన్నా? యూట్యూబులో చూశావా?" అని అడిగెను.

అవునని తేలికగా చెప్పవచ్చును. నాలుకవరకు వచ్చినది కూడ. కాని చేతిలో ఆ కొమ్ముముక్క ఉండెను. దానిపై నాన్నగారి బొటనవ్రేలు ఆనినచోట పల్లము పడియున్నది. నా బొటనవ్రేలు కూడ అందులోనే కూర్చున్నది.

"మీ తాత నేర్పాడురా. ఆయన బంట్రోతు. దొరల బూట్లు తుడిచేవాడు" అంటిని. అటుపిమ్మట 1980 జూలై నాటి మెట్ల సంగతి, నేనన్న మాట, ఆయన నన్ను పిలిచిన పిలుపు, దాచక చెప్పితిని. నలువదిరెండు ఏండ్లలో ఆ మాట నానోట వచ్చుట అదే మొదలు. మా ఇంటావిడ కూడ గుమ్మములో నిలిచి విన్నది. ఆమెకును అంతవరకు తెలియదు.

వాడు చాలసేపు మాటాడలేదు. పిదప తలవంచి, "నేనూ నీకొకటి చెప్పలేదు నాన్నా. అక్కడ చదువుకునేటప్పుడు రెండేళ్లు కాలేజీ భోజనశాలలో పళ్లాలు కడిగాను. నువ్వు అందరికీ స్కాలర్‌షిప్పు అని చెబుతున్నావని..." అని ఆగెను.

నిజమే. నేను ఈ ఊరిలో ప్రతివారికిని మా వాడు స్కాలర్‌షిప్పుపై చదువుచున్నాడని చెప్పితిని. కొంత వచ్చుచుండెను, చాలనిదానిని వాడెట్లు తెచ్చుకొనుచున్నాడో నేను అడుగలేదు. అడుగనందున వాడు చెప్పలేదు. నేను నాన్నగారి చేతులను దాచితిని. నా కొడుకు తన చేతులను నానుండి దాచుకొనెను. ఈ రెండవ దానికి కూడ బాధ్యుడను నేనే యని ఆనాడు తోచెను.

చదువరులారా, బూట్లకు ఇచ్చట పనియేమని మొదట అడిగితిరి. మనము ఈ నేలపై నాలుగైదు తరములుగా స్థిరపడిన కుటుంబములము. మన పూర్వులు రైలుపట్టాలపై గ్యాంగుకూలీలుగా, వంటవారుగా, బండ్లు తోలువారుగా, బంట్రోతులుగా ఇచ్చటికి వచ్చినవారే ఎక్కువ. వారు కడుపు కట్టుకొని మనకు అక్షరములు చెప్పించిరి. మన పిల్లలకు తెలుగు రాదని ప్రతి సభలో మనము చింతించుచున్నాము. రాకపోవుటకు కారణములు అనేకములు కలవు. కాని ఆ భాషలో వారికి చెప్పవలసిన మాటలను మనమే మ్రింగివేసినచో, వారు దానిని నేర్చి వినునదేమి? పద్యములు నేర్పుదము, తప్పదు. వానితోపాటు తాత ఏ పని చేసెనో, ఆ పనిని ఎంత బాగుగ చేసెనో కూడ చెప్పుదము. ఇది ఇతరులకు బోధింపదగినవాడనై వ్రాయుట లేదు. ఆలస్యము చేసి తెలిసికొన్నవాడనై వ్రాయుచున్నాను.

నాన్నగారికి నేను చెప్పవలసిన మాట చెప్పుటకు ఇక వీలులేదు. ఆ సంగతి ఏ మెరుగుతోను కప్పుపడునది కాదు.

మా అబ్బాయి తిరిగి పోవునపుడు బ్రష్షులలో ఒకటి అడిగి తీసికొనిపోయెను. కొమ్ముముక్కను అడుగబోయి, నా ముఖము చూచి మానెను. రైలు ఎక్కించి నేను ఇంటికి వచ్చుసరికి చీకటిపడెను. అరుగుపై పెట్టె కనబడలేదు. ఎవరైన ఎత్తుకొనిపోయిరేమోయని గుండె జల్లుమన్నది. లోపలికి వచ్చి చూడగా, అది గడపకు ఇవతల, గోడ ప్రక్కన, తుడిచి పెట్టియున్నది. మా ఇంటావిడ వంటింటిలో పనిచేసికొనుచు, "వానకి తడుస్తాదని లోపల పెట్టాను" అన్నది.

ఆనాడు వాన లేదు. పెట్టె ఇప్పటికిని అచ్చటనే ఉన్నది.